మోటారు సైకిలు వద్ద చదువుకున్న జి. డి. నాయుడు

బడిలో నిలువలేని పిల్లవాడు పెద్దవాడై సాంకేతిక కళాశాలను నెలకొల్పడము అరుదైన సంగతి. అట్టి అరుదైన జీవితము గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారిది. లోకము ఆయనను జి. డి. నాయుడుగా ఎరుగును. ఆయనకు యంత్రవిద్య గరపిన తొలి గురువు ఒక మోటారు సైకిలు.

కోయంబత్తూరు సమీపమున కలంగల్ అనే పల్లెలో, తమిళదేశమున స్థిరపడిన ఒక తెలుగు రైతు కుటుంబములో, 1893 మార్చి 23న ఆయన జన్మించారు. పసితనములోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు పొసగలేదు. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయినది. తరువాత పొలమే ఆయనకు పని అయినది.

ఒకనాడు ఆంగ్లేయుడైన రెవెన్యూ ఉద్యోగి ఒకడు రడ్జ్ మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చాడు. ఎడ్లూ గుర్రములూ లేకుండా పరుగెత్తే ఆ బండిని చూచినది మొదలు దొరైస్వామి మనసు మరి దేనిమీదా నిలువలేదు. ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. పైసా పైసా కూడబెట్టి, చివరకు 300 రూపాయలకు ఆ ఉద్యోగి వద్దనే ఆ బండిని కొన్నారు. కొన్న తరువాత దానిని భాగము భాగముగా విప్పారు, మరల బిగించారు. ఆ పని నేర్పిన ఉపాధ్యాయుడు లేడు.

యంత్రమును విప్పుట ఎవరికైనా సాధ్యమే. మరల బిగించి నడిపించుటలోనే విద్య ఉన్నది. పాత మోటారు సైకిలులో ఆ విద్యకు గట్టి పరీక్ష కార్బురేటరు. పిడికిలిలో ఇమిడే ఈ భాగము పెట్రోలును తుంపరగా చేసి, గాలితో కలిపి ఇంజనుకు అందిస్తుంది. దాని తొట్టిలో ఫ్లోటు అనే బోలు బిళ్ళ తేలుతూ ఉంటుంది. పెట్రోలు మట్టము పెరిగినప్పుడు అది పైకి లేచి, సూదితో ద్వారమును మూస్తుంది. తొట్టిలోని పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రము గుండా వచ్చి, వేగముగా పోయే గాలిలో కలుస్తుంది. తూకములో పెట్రోలు ఒక పాలైతే గాలి సుమారు 15 పాళ్ళు ఉండవలెను.

ఆ రంధ్రమున ఒక్క నలుసు చిక్కినా బండి మొరాయిస్తుంది. అప్పుడు జెట్టును విప్పి, పెట్రోలుతో కడిగి, గాలి ఊది శుభ్రపరచవలెను. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రము వెడల్పయి కొలత చెడుతుంది. పెట్రోలు పాలు మించితే ప్లగ్గు మసిబారి నల్లని పొగ వస్తుంది. తగ్గితే ప్లగ్గు తెల్లబడి ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. నాటి బండ్లలో పెక్కింటికి గాలికొక మీట, మిశ్రమమునకొక మీట హేండిలుపై ఉండేవి. ఇంజను చప్పుడు వింటూ వాటిని సవరించుకొనుట నడిపేవాని బాధ్యత. చేయి, చెవి, కన్ను మూడూ కలిసి నేర్చుకొనవలసిన చదువిది.

ఈ చదువుతో నాయుడు గారు మెకానిక్ అయ్యారు. నడుమ ప్రత్తి వ్యాపారములో గడించి, గడించినది పోగొట్టుకున్నారు. కోయంబత్తూరులోని ఆంగ్లేయ వర్తకుడు స్టేన్స్ తోడ్పాటుతో 1920లో ఒక బస్సు సంపాదించి, పొల్లాచ్చి, పళని పట్టణముల మధ్య తామే నడిపారు. ఆ ఒక్క బస్సు పెద్ద రవాణా సంస్థగా పెరిగి, 1933 నాటికి 280 బస్సులైనవి. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి, పీలమేడులోని కర్మాగారములో విద్యుత్ మోటారును స్వదేశములోనే తయారుచేశారు. బ్యాటరీతో నడిచే క్షురకయంత్రము, పండ్ల రసము తీసే యంత్రము, కిరోసినుతో తిరిగే పంకా కూడ ఆయన సృష్టించినవే.

తమకు దొరకని చదువును పరులకు అందించవలెనని ఆయన తలచారు. 1945లో నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్‌నూ, ఇంజనీరింగు కళాశాలనూ నెలకొల్పారు. కాని అక్కడ ఒక చిక్కు ఎదురైనది. నాలుగేండ్ల పాఠ్యక్రమము కాలహరణమనీ, రెండేండ్లు చాలుననీ ఆయన అభిప్రాయము. ప్రభుత్వము అంగీకరించలేదు. ఆయన పదవి విడిచి వెళ్ళారు. కళాశాల మాత్రము నిలిచి, తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయినది. గాలికీ పెట్రోలుకూ గల పాళ్ళను ఆయన చెవితో పట్టుకున్నారు; ఆ పాళ్ళు అట్లే ఎందుకు ఉండవలెనో చెప్పుటకు రసాయన శాస్త్రము కావలెను, దానికి కాలమూ కావలెను. అయినను యంత్రమును ముట్టకుండా గడిపిన ఏండ్లు వ్యర్థమన్న ఆయన హెచ్చరికను నేటి ఉపాధ్యాయులు కూడ తేలికగా త్రోసివేయలేరు.

1974 జనవరి 4న నాయుడు గారు మరణించారు.

పాలమూరు సీమలో వనపర్తి రాజప్రాసాదము 1959లో పాలిటెక్నిక్ విద్యాలయమునకు నెలవైనది. 2020 నాటి ఉద్గార నిబంధనల తరువాత కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగైనది. కాని పాత బండ్లు నాగర్‌కర్నూలు వీధులలో ఇంకను తిరుగుచున్నవి. మెకానిక్ షెడ్డులో జెట్టు కడిగే కుర్రవాడు బడికి దూరమైనవాడు కావచ్చును. అతని చేతిలోనిది చదువేనని గుర్తించి, మిగిలిన సగమును అందించే ఉపాధ్యాయుడు దొరికితే, నాయుడు గారు ఒంటరిగా నడిచిన దారి అతనికి సగమే మిగులుతుంది.