నిచ్చెన చూడని నిర్మాత: యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. జగన్నాథము, వెంకమ్మ ఆయన తల్లిదండ్రులు. చదువు ముగియకముందే తండ్రి గతించెను. మెట్రిక్యులేషను పరీక్ష మూడవసారి గాని గట్టెక్కలేదు. కొద్ది దినముల తేడాలో అన్నదమ్ములిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. ఆ వ్యాధి ఆయననుగూడ పీడించి విడిచినది. ఏ లోపమువలన మనిషి అట్లు కృశించునో నాటి వైద్యులకు తెలియదు.

మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. మామగారి సాయముతో 1922లో అమెరికాలోని బోస్టన్ నగరము చేరెను. భార్య శేషగిరిని గాని, స్వదేశమును గాని ఆయన మరల చూడలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలసి, 1925లో రక్తాదులలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. భాస్వరమే ఎందుకు? కండరము పనిచేయుటకు వలయు శక్తిని అందించు ఏ.టి.పి.లో ఉన్నది అదియే. తల్లిదండ్రుల పోలికలను బిడ్డలకు అందించు డి.ఎన్.ఎ.లో ఉన్నదియు అదియే. డి.ఎన్.ఎ. మెలిపెట్టిన త్రాటినిచ్చెన వంటిది. భాస్వరముతో కూడిన ఫాస్ఫేటు, చక్కెర ఒకదాని వెంట ఒకటి కూడి దాని రెండు త్రాళ్లు అయినవి. మెట్లు జంటలు: అడినీనుకు థైమీను, గ్వానీనుకు సైటోసీను. కణము రెండగునపుడు జంటలు విడిపోవును. ప్రతి సగమునకును సరిపడు క్రొత్త సగము ఏర్పడును.

హార్వర్డులో స్థిరమైన పదవి లభింపక, 1940లో సుబ్బారావు పెర్ల్ రివరులోని లెడర్లీ సంస్థలో చేరెను. అచట ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫాలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. యురాసిలు అను పదార్థమునకు ఒక్క కర్బన పరమాణువు చేరిననే థైమీను. ఆ కర్బనమును అందించునది ఫాలిక్ ఆమ్లమునుండి ఏర్పడు సహాయకద్రవ్యము. అది లేనిచో మెట్టు లేదు. మెట్టు లేనిచో నిచ్చెన పూర్తికాదు. ఎముకల మజ్జలో కణములు విభజన చెందక రక్తము క్షీణించును. అన్నదమ్ములను కబళించిన స్ప్రూకు ఫాలిక్ ఆమ్లము మందైనది. వారు పోయిన పాతికేండ్లకు గాని అది లభింపలేదు.

నిర్మాణమునకు తోడ్పడు వస్తువును కొంచెము మార్చిన నిర్మాణమును ఆపవచ్చును. ఫాలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను మందు లెడర్లీలోనే తయారయ్యెను. రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డలలో కొందరికి దానితో తాత్కాలికముగా ఉపశమనము కలిగెనని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వెల్లడించెను. క్యాన్సరుపై మందులతో పోరు సల్పుటకు అది ఒక నాంది.

ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు తన 53వ యేట నిద్రలో కన్నుమూసెను. రోజాలిండ్ ఫ్రాంక్లిన్ పరిశోధనాలయమున తీసిన ఎక్స్‌రే చిత్రము ఆధారములలో ఒకటిగా, వాట్సన్, క్రిక్ అనువారు డి.ఎన్.ఎ. ఆకృతిని వెల్లడించినది 1953లో. నిచ్చెన రూపమును ఆయన చూడలేదు; దాని త్రాటిలోని భాస్వరమును కొలిచెను, దాని మెట్టునకు వలయు ద్రవ్యమును చేసియిచ్చెను.

నేడు భీమవరమునుండి అమ్రాబాదు వరకు ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలకు వారమునకొకసారి ఇచ్చుటకు ఉద్దేశింపబడిన నీలిమాత్రలో ఇనుముతోపాటు ఫాలిక్ ఆమ్లము కలదు. మూడుమార్లు మెట్రిక్యులేషను వ్రాసిన విద్యార్థి ఆ పిల్లలకు విడిచిపోయిన ఆస్తి అది.