రూజ్‌వెల్ట్‌ను లొంగదీసిన రక్తపోటు

అమెరికా అధ్యక్ష పదవికి నాలుగు పర్యాయాలు ఎన్నికైన వ్యక్తి చరిత్రలో ఒక్కరే. ఆయన ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్. 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో సంపన్న కుటుంబంలో జన్మించారు. 1921లో, 39వ ఏట, పోలియోగా నిర్ధారించిన వ్యాధి సోకి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇనుప పట్టీల ఆసరాతో నిలబడుతూనే 1932 ఎన్నికలో గెలిచారు. ఆర్థిక మాంద్యాన్నీ, రెండవ ప్రపంచ యుద్ధాన్నీ ఎదుర్కొన్నారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో చదివే సంగతులే. ఆయన అంతానికి కారణమైనది మాత్రం కాళ్ల జబ్బు కాదు, ఏళ్ల తరబడి ఏ బాధా తెలియనివ్వని రక్తపోటు.

1935లో ఆయన రక్తపోటు 136/78. 1937లో అది 162/98కి చేరింది. 1941 ఫిబ్రవరిలో 188/105. ఆరేళ్లలో ఇంత పెరిగినా శ్వేతభవనంలో ఎవరూ కలవరపడలేదు. అధ్యక్షుని వైద్యుడు రాస్ మెకింటైర్ చెవి, ముక్కు, గొంతు వ్యాధుల నిపుణుడు. అయితే నిందనంతా ఆయనపైనే మోపడం న్యాయం కాదు. వయసుతోపాటు రక్తపోటు పెరగడం సహజమనీ, బిరుసెక్కిన నాళాలలో రక్తం పారాలంటే ఆ ఒత్తిడి అవసరమనీ ఆనాటి వైద్యులలో చాలామంది నమ్మేవారు. తగ్గించాలనుకున్నా నమ్మదగిన మందు లేదు.

ఆ ఏళ్లలో గుండె లోపల ఏమి జరుగుతుంది? బావి నుండి నీరు తోడే మోటారును ఊహించుకోండి. పైపు వాల్వు సగం మూసి, అంతే నీరు ఇవ్వమంటే మోటారు ఎంత శ్రమపడాలో, నాళాలలో ఒత్తిడి అధికమైనప్పుడు గుండె ఎడమ జఠరిక అంత శ్రమపడాలి. మోటారుకు లేని గుణం ఒకటి గుండెకు ఉంది. బరువులెత్తే కూలీ కండ బలిసినట్లు, శ్రమకు తగినట్లుగా దాని గోడ మందమవుతుంది. కొన్నేళ్లు ఇది మేలుగానే తోస్తుంది, మనిషికి బాధ ఏమీ ఉండదు. క్రమంగా ఆ గోడ బిరుసెక్కి, వచ్చిన రక్తాన్ని సరిగా నింపుకోలేదు. మరికొందరిలో చివరకు సాగి, బలహీనమై, నిండిన రక్తాన్ని ముందుకు నెట్టలేదు. వెనుక నిలిచిన రక్తం వల్ల ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కొంత ఉపశమనం, పాదాలకు వాపు. వైద్యులు గుండె వైఫల్యం అనేది దీనినే. మన పల్లెలలో ఎవరైనా హఠాత్తుగా మరణిస్తే హార్ట్ ఫెయిలై పోయాడంటారు. వైద్యుల అర్థం వేరు. గుండె ఆగిపోవడం కాదది, ఆగకుండానే తన పని చాలినంతగా చేయలేకపోవడం.

1944 మార్చి నాటికి రూజ్‌వెల్ట్ ఆ దశకు వచ్చారు. ఎడతెగని దగ్గు, ఆయాసం, తీరని అలసట. కుమార్తె అన్నా ఆందోళనతో గట్టి పరీక్షలు చేయించమని పట్టుబట్టింది. మార్చి నెలాఖరున బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో హోవర్డ్ బ్రూయెన్ అనే యువ హృద్రోగ నిపుణుడు పరీక్షించాడు. పెదవులు నీలి రంగులో ఉన్నాయి. రక్తపోటు 186/108. ఎక్స్‌రేలో గుండె బాగా పెద్దదై కనిపించింది, ఊపిరితిత్తుల అడుగున నీటి చప్పుడు వినిపించింది. అధిక రక్తపోటు వల్ల కలిగిన గుండె వైఫల్యమని ఆయన తేల్చాడు.

పెద్ద వైద్యులు మొదట సంకోచించినా, చివరకు బ్రూయెన్ మాట నెగ్గింది. డిజిటాలిస్ ఇచ్చారు. ఉప్పు, సిగరెట్లు, పని గంటలు తగ్గించారు. కొద్ది రోజులలోనే ఊపిరితిత్తులు తేటపడ్డాయి, నిద్ర పట్టింది. దక్షిణ కరోలినాలో మిత్రుని ఎస్టేటులో నెల రోజులు విశ్రమించారు. అలసిన గుండెకు డిజిటాలిస్ ఊతమిచ్చింది గాని, అలసటకు మూలమైన ఒత్తిడి ఎక్కడిదక్కడే ఉంది.

ఆశ్చర్యమేమంటే, తాను మింగుతున్న మందు ఎందుకో రూజ్‌వెల్ట్ బ్రూయెన్‌ను అడగలేదు. బ్రూయెన్‌కు తానుగా చెప్పే అనుమతి లేదు. అధ్యక్షుడు వయసుకు తగిన ఆరోగ్యంతో ఉన్నారని మెకింటైర్ పత్రికలకు చెబుతూ వచ్చాడు. ఆ నవంబరులో ప్రజలు ఆయనను నాలుగోసారి ఎన్నుకున్నారు. యుద్ధకాలపు గోప్యత ఎంత అవసరమైనా, ఇది ఓటర్ల పట్ల న్యాయమైన పని అనిపించదు.

1945 ఫిబ్రవరిలో సముద్రాలు దాటి యాల్టా వెళ్లి చర్చిల్, స్టాలిన్‌లతో చర్చలు జరిపారు. అప్పటి ఛాయాచిత్రాలలో ఆయన ముఖం పీక్కుపోయి కనిపిస్తుంది. ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో, చిత్రకారిణి ఎదుట కూర్చుని ఉండగా తల వెనుక భరించరాని నొప్పి అని చెప్పి స్పృహ కోల్పోయారు. రక్తపోటు 300/190 దాటింది. మెదడులో నాళం చిట్లింది. ఆ మధ్యాహ్నమే, 63వ ఏట కన్నుమూశారు.

ఆ తరువాత పదేళ్లు గడిచేలోపే కాలం మారింది. ఇందులో మన దేశపు పాత్ర కూడా ఉంది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించడంతో పాశ్చాత్యులు దానివైపు దృష్టి సారించారు. 1950ల చివర మూత్రం ద్వారా ఉప్పును వెలుపలికి పంపే మాత్రలు వచ్చాయి. మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో ఆరంభమైన పరిశీలన, గుండె వైఫల్యం వచ్చినవారిలో అత్యధికులకు అంతకు ముందే అధిక రక్తపోటు ఉన్నదని చూపింది. అమెరికాలో మాజీ సైనికులపై జరిపి 1967లోనూ, 1970లోనూ వెల్లడించిన పరీక్షలు, మాత్రలతో ఒత్తిడిని అదుపు చేస్తే పక్షవాతమూ గుండె వైఫల్యమూ బాగా తగ్గుతాయని రుజువు చేశాయి. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లభించే మాత్ర నాడు అమెరికా అధ్యక్షునికి లభించలేదు.

రూజ్‌వెల్ట్ వైద్య రికార్డులను బెథెస్డా ఆసుపత్రి ఇనప్పెట్టెలో భద్రపరిచారు. ఆయన మరణానంతరం అవి మాయమయ్యాయి. నేటికీ దొరకలేదు. పైన చెప్పిన అంకెలు లోకానికి తెలిసినది, బ్రూయెన్ తన వద్ద మిగిలిన వివరాలతో 1970లో రాసిన వ్యాసం వల్లనే. అప్పటికి రోగి మరణించి పాతికేళ్లు.