కాటన్ దొర ప్లాను

మా టీం చాట్‌బాట్‌ని క్లౌడ్‌లో పెట్టడానికి టెర్రాఫామ్ నేర్చుకుంటున్నాను. సర్వరు, నెట్‌వర్కు, స్టోరేజీ ఏమేం కావాలో ముందు ఫైల్లో రాయాలి. ప్లాను చూసుకోవాలి, ఆ తర్వాతే అప్లై. ఒకసారి నిలబడ్డ పద్ధతిని ఇంకోచోట వాడుకోవచ్చు కూడా. ఇదంతా చదువుతుంటే నాకు మా కోనసీమ దేవుడిలా చూసుకునే కాటన్ దొర గుర్తొచ్చారు.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టి, 18 ఏళ్లకే ఇంజనీరుగా మద్రాసు వచ్చారు. కావేరి మీద చోళుల నాటి కల్లణై చూసి, ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో నేర్చుకున్నారు. 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టారు. ఆ అనుభవాన్నే గోదావరికి తెచ్చారు.

అప్పటికి ఈ ప్రాంతం 1833 కరువునీ, 1839 కోరంగి ఉప్పెననీ చూసింది. పక్కనే నది ఉన్నా చేలు ఎండేవి. కాటన్ సర్వే చేసి, నివేదిక రాసి, ప్రభుత్వాన్ని ఒప్పించారు. ధవళేశ్వరంలో 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. నది మధ్య లంకల్ని ఆసరాగా చేసుకుని ఆనకట్టని నాలుగు ముక్కలుగా కట్టారు. వైనతేయ అడ్డొచ్చినచోట ఆయన సహచరుడు హేగ్ గన్నవరం అక్విడక్టు కట్టి, అవతలి రాజోలు వైపుకీ కాలువ నీళ్లు పంపారు. కాటన్ 1899లో కన్నుమూశారు.

మన సర్వరు బాగోకపోతే ఒక్క కమాండుతో కూల్చి మళ్లీ కట్టుకుంటాం. ఆయన ఆనకట్టకి ఆ వీలు లేదు. తేడా వస్తే మునిగేవి ఊళ్లు. అందుకే అప్లై కొట్టేముందు ప్లానులో ప్రతి లైనూ చదువుదాం.