సమాచార నిధికి బాట వేసిన హెర్మన్ హొలెరిత్

మానవుడు తాను తెలుసుకొన్నదానిని భద్రపరచుకోవడానికి అనాదిగా శ్రమిస్తూనే ఉన్నాడు. శిలపై చెక్కాడు, రాగిరేకుపై మలిచాడు, తాళపత్రంపై గంటంతో వ్రాశాడు. అయితే భద్రపరచడం ఒక ఎత్తు, భద్రపరచినదానిలో నుండి కావలసినదానిని కావలసినప్పుడు వెలికి తీయడం మరొక ఎత్తు. ఈ రెండవ కార్యాన్ని యంత్రానికి అప్పగించి కృతకృత్యుడైన మేధావి హెర్మన్ హొలెరిత్.

హొలెరిత్ 1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని బఫెలో నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చినవారు. బాల్యంలో ఆయనకు వర్ణక్రమం అంటే భయం. ఆ పాఠం తప్పించుకోవడానికి బడి కిటికీలో నుండి దూకి పారిపోయాడని చెబుతారు. అక్షరాలకు భయపడిన ఆ బాలుడే పెద్దవాడై అక్షరాలతో పని లేని ఒక కొత్త లిపిని లోకానికి ప్రసాదించాడు. 1879లో, పందొమ్మిదవ ఏట, కొలంబియా విద్యాసంస్థ నుండి గనుల ఇంజనీరుగా పట్టం పొందాడు. పిమ్మట తన ఆచార్యుని వెంట 1880 నాటి జనాభా లెక్కల కార్యాలయంలో చేరాడు.

అమెరికా రాజ్యాంగాన్ని అనుసరించి పదేండ్లకొకసారి జనాభాను లెక్కించాలి. ఏ రాష్ట్రానికి ఎందరు ప్రతినిధులో నిర్ణయించేది ఆ లెక్కయే. 1880లో సేకరించిన వివరాలను గుమాస్తాలు చేతితో గీతలు గీస్తూ లెక్కించారు. ఆ పని ముగియడానికి ఏడేండ్లకు పైగా పట్టింది. జనాభా నానాటికీ పెరుగుతున్నది. ఒక లెక్క తేలకముందే మరొక లెక్కకు సమయం వచ్చిపడుతుందేమోనన్న ఆందోళన అధికారులకు కలిగింది. ఆ కార్యాలయంలోనే పనిచేస్తున్న జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడు, ఈ పని చేయగల యంత్రమొకటి ఉండాలని ఒకనాడు భోజన సమయంలో హొలెరిత్‌తో అన్నాడు. ఆ మాట ఆ యువకుని మనస్సులో నాటుకొన్నది.

1882లో ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అధ్యాపకుడుగా చేరి ప్రయోగాలు ప్రారంభించాడు. మొదట పొడవైన కాగితపు పట్టీపై రంధ్రాలు చేసి వివరాలను నమోదు చేశాడు. అందులోని లోపం ఆయనకు త్వరలోనే తెలిసివచ్చింది. పట్టీ నడుమనున్న ఒక్క వ్యక్తి వివరం కావాలన్నా దానినంతా మొదటి నుండి విప్పుకొంటూ పోవాలి. ఒకే వర్గానికి చెందినవారిని విడదీసి ఒకచోట చేర్చడం సాధ్యం కాదు. అందుచేత ఆయన పట్టీని విడిచి, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అట్టను కేటాయించాడు. రైలులో కండక్టరు ప్రయాణికుని కన్నుల రంగు, జుట్టు రంగు వంటి గుర్తులను టిక్కెట్టుపై రంధ్రాలతో సూచించడం ఆయన చూచాడు. ఆ దృశ్యం ఈ ఆలోచనకు ఊతమిచ్చింది.

తాళపత్ర గ్రంథంలో కూడ రంధ్రం ఉంటుంది. కాని అది ఆకులను త్రాటితో కూర్చడానికి మాత్రమే. అర్థమంతా అక్షరంలో ఉంటుంది. హొలెరిత్ కార్డులో రంధ్రమే అక్షరం. వయస్సు, వృత్తి, జన్మస్థలం మొదలైన ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క స్థానం నిర్ణయింపబడి ఉంటుంది. కార్డును యంత్రంలో పెట్టి మీట నొక్కితే సన్నని లోహపు సూదులు దానిపైకి దిగుతాయి. రంధ్రం ఉన్నచోట సూది క్రిందనున్న పాదరసాన్ని తాకుతుంది. విద్యుత్ ప్రవహించి, గడియారం వంటి ఫలకంపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. ఈ పద్ధతికి 1889లో పేటెంటు లభించింది.

ఆ సంవత్సరమే ప్రభుత్వం మూడు పద్ధతులకు పోటీ పెట్టింది. పట్టికలు సిద్ధం చేయడానికి మిగిలిన రెండు పద్ధతులకు నలభై గంటలకు పైగా పట్టగా, హొలెరిత్ యంత్రం ఆ పనిని అయిదున్నర గంటలలో ముగించింది. 1890 నాటి గణనలో ఆ యంత్రాలనే వినియోగించారు. దేశ జనాభా 6 కోట్ల 26 లక్షలని కొద్ది నెలలలోనే తేలింది. ఆయన కీర్తి ఖండాంతరాలకు వ్యాపించింది. 1897లో రష్యా జనగణనకు కూడ ఆయన యంత్రాలే తోడ్పడ్డాయి.

1896లో హొలెరిత్ సొంత సంస్థను స్థాపించాడు. యంత్రాలను అమ్మక అద్దెకిచ్చేవాడు. అద్దె అధికమని జనాభా లెక్కల శాఖ ఆక్షేపించింది. ఆయన పట్టు సడలించలేదు. తుదకు 1905లో ఆ శాఖ ఆయనతో తెగతెంపులు చేసుకొని స్వయంగా యంత్రాలను నిర్మించుకొన్నది. తనకు యశస్సు తెచ్చిపెట్టిన వాకిలియే ఆ విధంగా మూసుకొన్నది. 1911లో ఆయన సంస్థ మరికొన్ని సంస్థలతో విలీనమయింది. ఆ సమ్మేళన సంస్థయే 1924లో ఐ.బి.ఎం. అను పేరు ధరించింది. హొలెరిత్ అప్పటికే విశ్రాంతి తీసుకొని, తన క్షేత్రంలో మేలుజాతి పశువులను పెంచుకొంటూ కాలం గడిపాడు. 1929 నవంబరు 17న వాషింగ్టన్ నగరంలో కన్నుమూశాడు.

ఆయన అనంతరం కార్డు స్థానాన్ని అయస్కాంత టేపు, డిస్కు ఆక్రమించాయి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి డిస్కు నిల్వ యంత్రంలో యాభై పళ్లాలు ఉండేవి. అందులో యాభై లక్షల అక్షరాలు ఇమిడేవి. టేపులో కావలసిన చోటికి చేరాలంటే వరుసగా సాగిపోవాలి. డిస్కులో నేరుగా ఆ చోటికే చేరవచ్చు. పట్టీని విడిచి కార్డును చేపట్టిననాడు హొలెరిత్ ఎదుర్కొన్న చిక్కు కూడ ఇటువంటిదే. నేడు అనేక డిస్కులను ఒకచోట కూర్చి, వాటి కొరకే ప్రత్యేకించిన మార్గాల ద్వారా పలు కంప్యూటర్లకు అందుబాటులో ఉంచుతున్నారు. ఈ ఏర్పాటునే స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్ అంటారు. ఒక వ్యక్తికి లేదా ఒక వస్తువుకు సంబంధించిన వివరాల సముదాయాన్ని రికార్డు అని, అందులోని ఒక్కొక్క అంశాన్ని ఫీల్డు అని నేడు వ్యవహరిస్తున్నాము. ఒక మనిషికి ఒక కార్డు, ఒక అంశానికి ఒక స్థానం అన్న హొలెరిత్ ఏర్పాటులో ఈ రెండూ గోచరిస్తాయి.

ధాన్యాన్ని గాదెలో పోయడమే కాదు, అవసరమైననాడు కొలిచి తీయగలగాలి. సమాచారం విషయంలో ఈ సత్యాన్ని గుర్తించి ఆచరణలో పెట్టిన హొలెరిత్ చిరస్మరణీయుడు.