బాధలోనూ చెదరని సహనం: హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ)

ఒంట్లో ఒక్కచోట నొప్పి పుడితే చాలు, మనిషి బతుకంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నిద్ర పట్టదు. నమాజులో మనసు నిలవదు. అయినవాళ్ళ మీదే చిరాకు పుడుతుంది. అలాంటి వేళ విశ్వాసి ఎలా ఉండాలో చెప్పడానికి మన పెద్దలు తరతరాలుగా ఒక మహనీయుని గాథ వినిపిస్తూ వచ్చారు. ఆయనే హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ).

ఆయన హిజ్రీ 23 ప్రాంతంలో జన్మించారు. తండ్రి హజ్రత్ జుబైర్ (రజి). తల్లి హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి). విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) ఆయనకు స్వయానా పిన్ని. ఆమె దగ్గరే హదీసు విద్య నేర్చుకుని, మదీనాలోని ఏడుగురు ప్రసిద్ధ ధర్మవేత్తలలో ఒకరయ్యారు. రోజూ ఖుర్ఆన్‌లో నాలుగో వంతు చూసి చదివి, రాత్రి నమాజులో మళ్ళీ అదే పఠించేవారట.

ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (క్రీ.శ. 705–715) కాలంలో ఆయన నేటి సిరియా రాజధాని అయిన దమిష్క్‌కు ప్రయాణమయ్యారు. ఆ ప్రయాణంలో పాదానికి పుండు లేచి, కుళ్ళుతూ పైకి పాకింది. ఖలీఫా వైద్యులను పిలిపించారు. కాలు తీసేయకపోతే ప్రాణం దక్కదని వారు తేల్చారు. ఉర్వా (రహ్మ) అందుకు ఒప్పుకున్నారు. నొప్పి తెలియకుండా మత్తు పానీయం ఇస్తామంటే మాత్రం వద్దన్నారు. మాంసాన్ని కత్తితో, ఎముకను రంపంతో కోస్తుంటే ఆయన దైవస్మరణలో మునిగిపోయారని చరిత్రకారులు రాశారు. నెత్తురు కట్టడానికి గాయాన్ని మరిగే నూనెతో కాల్చినప్పుడు స్పృహ తప్పారు. తెలివి వచ్చాక ముఖం మీది చెమట తుడుచుకున్నారు.

ఆ ప్రయాణంలోనే ఆయన కుమారుడు ముహమ్మద్ గుర్రపుశాలలో జంతువు తన్నడంతో మరణించాడు. ఆ తండ్రి మాత్రం అల్లాహ్ తీసుకున్నది ఎంత, ఇంకా ఉంచింది ఎంత అని లెక్క చూసుకుని కృతజ్ఞతలు తెలుపుకున్నారు.

ఈ గాథ చెప్పినప్పుడల్లా మా విద్యార్థులు ఒక ప్రశ్న అడుగుతారు. ఆయనకు నొప్పి తెలియలేదా? ఎందుకు తెలియదు! ఆ చెమట, ఆ మూర్ఛ దేనికి సాక్ష్యం? సహనపరుడి శరీరం కూడా శరీరమే. హజ్రత్ యాఖూబ్ (అలై) కొడుకు కోసం కళ్ళు పోయేలా విలపించారు. అయినా ఆయన సహనాన్ని ఎవరూ శంకించలేదు.

కనుక మంచం పట్టినవారు మూలిగితే వారి విశ్వాసాన్ని తూకం వేయడానికి మనమెవరం? వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. ఉర్వా (రహ్మ) కూడా వైద్యుల మాట విన్నారు. ఆయన కాదన్నది మతి పోగొట్టే పానీయాన్నే, చికిత్సను కాదు. నేడు శస్త్రచికిత్సకు మత్తుమందు తీసుకోవడానికి ఉలమాలు అనుమతిస్తున్నారు. నొప్పి తగ్గించే మందు వేసుకున్నంత మాత్రాన రోగి సహనం తరిగిపోదు.

ఆ తర్వాత ఆయన సుమారు ఎనిమిదేళ్ళు జీవించారని గ్రంథాలు చెబుతున్నాయి. తహజ్జుద్ పఠనం తప్పింది కాలు తీసిన ఆ ఒక్క రాత్రేనట. హిజ్రీ 94 ప్రాంతంలో కన్నుమూశారు. కుమారుడు హిషామ్, శిష్యుడు ఇమామ్ జుహ్రీ వంటివారి ద్వారా ఆయన విద్య మన దాకా చేరింది. నొప్పి ఆయన కాలిని తీసుకుంది గానీ ఆయన నాలుకను, మనసును తీసుకోలేకపోయింది.

బాధలో ఉన్న ప్రతి ఒక్కరికీ అల్లాహ్ ఉపశమనం, వారి పక్కన ఉన్న మనకు ఓర్పు ప్రసాదించుగాక! ఆమీన్.