సరిగ్గా పట్టడం అంటే ఏంటి? – జోసెఫ్ విట్‌వర్త్ కథ

మెషిన్ డ్రాయింగ్‌లో 55 డిగ్రీల థ్రెడ్ గీసిన ప్రతి ఒక్కరికీ విట్‌వర్త్ పేరు తెలుసు. షీట్ సబ్మిట్ చేశాక ఆ పేరు మర్చిపోతాం. ఆయన ఒక రైఫిల్ కూడా తయారు చేశాడు. అది పరీక్షలో గెలిచింది, ఉద్యోగం మాత్రం రాలేదు!

జోసెఫ్ విట్‌వర్త్ 1803 డిసెంబర్ 21న ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. కుర్రాడిగా మేనమామ నూలు మిల్లులో పనికి కుదిరాడు. నూలు కంటే దాన్ని వడికే యంత్రాల మీదే మనసు. అందుకే మిల్లు వదిలేసి మాంచెస్టర్‌లో మెకానిక్ పని నేర్చుకున్నాడు. తర్వాత లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే వర్క్‌షాప్‌లో చేరాడు.

సమతలమైన ప్లేటు తయారు చేయడం ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. రెండు ప్లేట్లను ఒకదానితో ఒకటి సరిచూస్తూ పోతే, ఒకటి ఉబ్బెత్తుగా, ఇంకొకటి గుంటగా ఉన్నా చక్కగా అతుక్కుంటాయి. విట్‌వర్త్ మూడు ప్లేట్లను మార్చి మార్చి పోల్చి, ఎత్తుగా ఉన్న చోటల్లా గీకేవాడు. మూడూ ఒకదానితో ఒకటి అతకాలంటే సమతలంగా ఉండడం తప్ప వేరే దారి లేదు కదా.

1833లో మాంచెస్టర్‌లో సొంత వర్క్‌షాప్ పెట్టాడు. అప్పట్లో ఒక షాపు బోల్టు ఇంకో షాపు నట్టుకు పట్టేది కాదు. 1841లో ఆయన ప్రతిపాదించిన థ్రెడ్ కొలతలు దేశమంతటా పాకాయి. 1851 లండన్ మహా ప్రదర్శనలో, అంగుళంలో పది లక్షల వంతు తేడాను పసిగట్టే యంత్రాన్ని చూపించాడు.

తర్వాత ప్రభుత్వం ఆయన్ని సైన్యపు రైఫిల్ పని మీదకు పిలిచింది. అప్పటి ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళం. గుండు దాని కంటే కాస్త చిన్నది. మూతి నుంచి సులువుగా దిగి, పేల్చినప్పుడు వ్యాకోచించి గొట్టాన్ని పట్టుకునేది. విట్‌వర్త్ ఇంటి దగ్గరే 500 గజాల షూటింగ్ గ్యాలరీ కట్టించి ప్రయోగాలు చేశాడు. చివరికి 0.451 అంగుళం షట్కోణపు గొట్టం, అందులో కచ్చితంగా ఇమిడే షట్కోణపు గుండు తేల్చాడు. 1857 పరీక్షల్లో 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ సగటు తేడా 2.24 అడుగులు, విట్‌వర్త్‌ది 0.37 అడుగు మాత్రమే.

అయినా సైన్యం తీసుకోలేదు. ఖరీదు చాలా ఎక్కువ. పైగా ఆ కాలపు తుపాకీ మందు కాలితే దట్టంగా మసి మిగిలేది. సన్నని గొట్టంలో మసి పేరుకుంటే మళ్లీ గుండు దించడం కష్టం. కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పుడు కుదిరిన కొలత యుద్ధంలో కుదరదన్నమాట.

విచిత్రం ఏంటంటే, ఈ సంగతి ఆయనకు తెలియంది కాదు. 0.5770 అంగుళం రింగులో 0.5770, 0.5769 కొలతల ప్లగ్గులు పెట్టి చూపించేవాడు. పొడిగా ఉంటే మొదటిది బిగుతు, రెండోది వదులు. చుక్క నూనె వేస్తే బిగుతుది సులువయ్యేది, వదులుది బిగిసేది. రెండు ముక్కల మధ్య ఏముందన్నది కూడా కొలతలో భాగమే. నూనె విషయంలో చూసింది, మసి దగ్గరికి వచ్చేసరికి ఆయన్నే దెబ్బకొట్టింది.

ఈ రోజు అమెరికాలో సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లదీ ఇదే గొడవ. పేలిన ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ కొలతకు వస్తుంది. దాన్ని డైలో తగినంత కుదించకపోయినా, కేసు పొడవు పెరిగినా, బుల్లెట్ మరీ బయటికి ఉన్నా బోల్టు మూసుకోదు. అప్పుడు బలంగా నెట్టకూడదు. గేజ్ పెట్టి, తేడా ఎక్కడుందో చూడాలి. గేజ్‌తో సరిచూసే అలవాటును వర్క్‌షాపుల్లో పాతుకునేలా చేసినవాళ్లలో విట్‌వర్త్ ముందుంటాడు.

1860లో వింబుల్డన్ పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది ఆయన రైఫిల్‌తోనే. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టిని-హెన్రీ గొట్టం 0.450 అంగుళం. దాదాపు విట్‌వర్త్ చెప్పిన కొలతే! కాకపోతే అప్పటికి తూటా వెనక నుంచి పెట్టే పద్ధతి వచ్చేసింది.

1868లో ఆయన మొదలుపెట్టిన ఇంజినీరింగ్ స్కాలర్‌షిప్‌లు ఇప్పటికీ ఉన్నాయి. 1887 జనవరి 22న మాంటే కార్లోలో కన్నుమూశాడు. ఈసారి ల్యాబ్‌లో టాలరెన్స్ రాసేటప్పుడు ఒక్కసారి ఆలోచిద్దాం: ఆ కొలత డ్రాయింగ్ షీట్ కోసమా, నూనె, మసి మధ్య తిరగాల్సిన యంత్రం కోసమా?