ఐదు పౌండ్లు కట్టలేక పేటెంట్ పోగొట్టుకున్న ఫ్రాంక్ విటిల్

నేడు మనం ఎక్కే పెద్ద విమానాలను నడిపే జెట్ ఇంజిన్ వెనుక ఒక మెకానిక్ కొడుకు పట్టుదల ఉంది. ఆయనే ఫ్రాంక్ విటిల్.

1907 జూన్ 1న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో విటిల్ జన్మించారు. తండ్రి చిన్న వర్క్‌షాపులోనే పని నేర్చుకున్నారు. వైమానిక దళంలో చేరబోతే పొట్టిగా ఉన్నారని వెనక్కి పంపారు. కసరత్తు చేసి మూడు అంగుళాలు పెరిగి వెళ్లినా ఒప్పుకోలేదు. అయినా వదలకుండా మళ్లీ దరఖాస్తు పెట్టి, 1923లో అప్రెంటిస్‌గా చేరారు.

బాగా ఎత్తులో గాలి పలచబడుతుంది. అక్కడ విమానానికి ఎదురయ్యే ఒత్తిడి తక్కువ కాబట్టి వేగంగా పోవచ్చు. కానీ నాటి పిస్టన్ ఇంజిన్లకు, ప్రొపెల్లర్లకు ఆ ఎత్తులో శక్తి చాలదు. దీనికి విటిల్ ఒక మార్గం కనిపెట్టారు. గాలిని లోపలికి పీల్చి, బాగా నొక్కి, అందులో ఇంధనం మండించాలి. ఆ వేడి వాయువులు టర్బైన్‌ను తిప్పి, వెనక్కి వేగంగా చిమ్మితే విమానం ముందుకు దూసుకెళ్తుంది.

ప్రభుత్వ నిపుణులు ఇది జరిగే పని కాదని తోసిపుచ్చారు. 1930లో ఆయన సొంతంగా పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 1935లో దాన్ని కొనసాగించడానికి 5 పౌండ్లు కావాలి. ప్రభుత్వం ఇవ్వనంది. పిల్లలు గల సంసారి విటిల్ దగ్గర అంత డబ్బు లేదు. పేటెంట్ రద్దయింది.

1936లో మిత్రుల సాయంతో పవర్ జెట్స్ సంస్థ పెట్టారు. 1937 ఏప్రిల్ 12న రగ్బీ పట్టణంలో తొలి ఇంజిన్ తిరిగింది. అది అదుపు తప్పి హోరెత్తితే చుట్టూ ఉన్నవారు పరుగు తీశారు. ఈలోగా జర్మనీలో హాన్స్ ఫాన్ ఒహైన్ ఇంజిన్‌తో 1939 ఆగస్టు 27న ప్రపంచంలోనే తొలి జెట్ విమానం ఎగిరింది. విటిల్ ఇంజిన్ 1941 మే 15న గాలిలోకి లేచింది.

1944లో ప్రభుత్వం ఆయన సంస్థను స్వాధీనం చేసుకుంది. ఏళ్ల తరబడి పడ్డ ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతిని, 1948లో ఉద్యోగం మానేశారు. అదే ఏడు సర్ బిరుదు, లక్ష పౌండ్ల పారితోషికం అందాయి.

1952 మే 2న కామెట్ జెట్ విమానం లండన్ నుంచి ప్రయాణికులతో జొహన్నెస్‌బర్గ్ బయలుదేరింది. జెట్ ప్రయాణం సామాన్యులకు చేరే దారి అలా మొదలైంది.

విటిల్, ఒహైన్ తర్వాతి కాలంలో స్నేహితులయ్యారు. 1991లో డ్రేపర్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు. 1996 ఆగస్టులో అమెరికాలో విటిల్ కన్నుమూశారు.